ఆహా గారూ, ఖర్జూరాల పళ్ళెమూ

ముందుగా ఒక విషయం సరిచేయాలి. మా మ్యూజియంలో అరబ్బు కళల సాయంత్రం జరిగిన రోజున మా బావ తాగొచ్చి పాట మధ్యలో కేకలు పెట్టాడని ఊళ్ళో కొందరు చెప్పుకుంటున్నారు. మా బావ తాగేది నా క్యాంటీన్ టీ ఒక్కటే. దాంతో మత్తెక్కదు, ఉన్న మత్తు దిగిపోతుంది. ఇంకొందరేమో ఆయనకు అరబ్బీ సంగీతం క్షుణ్ణంగా తెలుసని, వయసులో ఉన్నప్పుడు ఓడ మీద పనిచేస్తూ నేర్చుకున్నాడని కథలు అల్లారు. ఆయన ఎక్కిన అతి పెద్ద ఓడ మా పార్కు చెరువులోని తొక్కుడు పడవ. అదీ మా అక్కే తొక్కింది. మూడో రకం వాళ్ళు కూడా ఉన్నారు. అదంతా డైరెక్టర్ గారు ముందే ఆలోచించి చేయించిన ఏర్పాటంటారు వాళ్ళు. ఈ మూడో పుకారు పుట్టింది డైరెక్టర్ గారి గదిలోనే అని నా అనుమానం.

అసలు సంగతి నాకు తెలుసు. ఆ సాయంత్రం ఖర్జూరాల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్క కుర్చీలో కాపలా కూర్చున్నది నేనే.

మా బావకి ఒకటే అలవాటు. ఆహా అనకుండా ఉండలేడు.

పాటకి అంటే సరే, లోకంలో అందరూ అంటారు. ఈయన సైకిల్‌కి పంక్చర్ వేసినవాడికి కూడా అంటాడు. అతను ట్యూబుని నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ రావడం లేదని చూపించి తలెత్తగానే, "ఆహా, ఏం అతికించావయ్యా, కొత్త ట్యూబు దీని ముందు బలాదూర్" అంటాడు. మంగలి అద్దం వెనక పెట్టి చూపిస్తే ఆహా. అక్కడ చూడటానికి బట్టతల తప్ప ఏమీ లేదు, అయినా ఆహా. ఒకసారి పళ్ళ డాక్టరు పీకిన పన్నుని పట్టకారుతో పైకెత్తి చూపించాడట. నోటినిండా దూది ఉన్నా సరే "ఆ... హా" అన్నాడు. నొప్పికి మూలుగుతున్నాడనుకుని డాక్టరు ఇంకో ఇంజెక్షన్ పొడిచాడు. ఇంటికొచ్చి, మూతి ఒకవైపు పనిచేయకపోయినా, "చూశావా మరదలా, ఎంత శ్రద్ధో ఆయనకి" అని ఆ ఇంజెక్షన్‌ని కూడా మెచ్చుకున్నాడు.

మ్యూజియంలో ఆయన పని ఏసీ ప్లాంటు. మెట్ల కింద నేలమాళిగలో, లారీలంత మిషన్లు రాత్రీపగలూ హోరెత్తే గదిలో ఆయన జీవితం గడిచింది. ఆ హోరులో ఎవరైనా వెళ్ళి మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. బావ మాత్రం స్టూలు మీద కూర్చుని అందరితోనూ కులాసాగా కబుర్లు చెబుతాడు. పైన గదుల్లో చల్లగా ఉన్నంతకాలం ఆయన ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. కొంచెం ఉక్కపోస్తే చాలు, అన్ని ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. పేరు ఎవరికీ తెలియదు. "ఆహా గారిని పిలవండి" అంటారు.

నా క్యాంటీన్ ఆ మెట్ల పైనే. నేను క్యాంటీన్ తీసుకున్న మొదటి రోజే పాలు మాడాయి. వేరే పాలు లేవు, వరస పెరిగిపోతోంది. ముందు తాగినవాళ్ళు కప్పు సగంలో వదిలేసి నా వంక చూడకుండా వెళ్ళిపోతున్నారు. నేను చెమటలు కక్కుకుంటూ బావకి ఒక కప్పు ఇచ్చాను. ఒక గుక్క తాగాడు. నేను భయపడుతూ తలెత్తాను. వసారా అంతా మారుమోగేట్టు "ఆహా" అన్నాడు. వెళ్ళబోతున్నవాళ్ళు ఆగిపోయారు. ఏదో కొత్త రకం టీ అనుకుని మళ్ళీ తాగారు. ఈయనకి నాలుక కూడా లేదని ఆ రోజే తేల్చుకున్నాను.

మా అక్కకి ఈ ఆహాతో పెద్ద పేచీ.

"నా కూరకీ ఆహా, కుళాయి బాగుచేసినవాడికీ ఆహా. ఇంక నా ఆహాకి ఏం విలువుందే?" అని నాతో మొత్తుకుంటుంది.

"అననివాళ్ళ కంటే నయం కదే" అంటాను నేను.

"నయమేంటి. మొన్న ఒట్టి మూకుడు పొయ్యి మీద పెట్టి ఆయన వంక చూశాను, పరీక్షగా. దానికీ అన్నాడు."

బావ అక్కడే పేపర్ చదువుతున్నాడు. ఏమీ ఎరగనట్టు పేజీ తిప్పాడు. చెవులకి మిషన్లు పెట్టించాక కూడా ఇంట్లో ఆయనకి కావలసినవే వినపడతాయని అక్క ఫిర్యాదు. అది ఏ ఇంట్లో అయినా ఉండే ఫిర్యాదే కాబట్టి నేను పట్టించుకోలేదు.

అన్నిటికంటే పెద్ద అప్రతిష్ఠ సంతాపసభలో జరిగింది. మ్యూజియంలో చాలాకాలం పనిచేసిన పెద్ద గుమాస్తా పోతే ఆయన తమ్ముడు మాట్లాడాడు. పాపం, సభలో మాట్లాడటం ఎరగని మనిషి. నాలుగు మాటలు చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఎటు చూడాలో తెలియక తలెత్తాడు. ముందు వరసలోంచి మా బావ, "ఆహా" అన్నాడు.

సభ మొత్తం మెడలు చాచి మా వరస వంక చూసింది. మా వరసలోవాళ్ళు ఆయన్ని ఏమీ అనలేక నన్ను చూశారు. ఆ తమ్ముడు మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, మిగతాదంతా తడబడకుండా చెప్పేశాడు. అది అప్పుడు ఎవరూ గమనించలేదు. నేనూ గమనించలేదు. సిగ్గుతో నేల చూస్తున్నాను కదా.

ఇదీ మా బావ. ఇక ఆ సాయంత్రం సంగతి.

మ్యూజియంలో కార్యక్రమాలు చూసే మేడమ్ ఒకావిడ ఉంది. సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ రెండు ఫోన్లతో ఉంటుంది. సాయంత్రం తాళాలు వేసుకుని పోయే మ్యూజియంలో పాటలూ పద్యాలూ పెట్టాలని, జనం రావాలని ఆవిడ కోరిక. ఎన్నాళ్ళో వెంటపడితే డైరెక్టర్ గారు ఒప్పుకున్నారు. మొదటి సాయంత్రం అరబ్బు దేశాల ఇప్పటి కళాకారులది. ఆవిడ క్యాంటీన్‌కి వచ్చి, టీ చల్లారిపోతున్నా తాగకుండా నిలబడింది.

"ఇదొక్కటి బాగా జరిగితే నెలనెలా పెట్టుకోవచ్చన్నారు. తేడా వస్తే మళ్ళీ ఈ మాట ఎత్తొద్దన్నారు."

"ఎందుకు తేడా వస్తుందమ్మా, మీరింత కష్టపడితే?"

ఆవిడ మెట్ల కిందికి చూసింది. నాకు అర్థమైంది.

"ఆయన్ని ఆ పూట కిందనే ఉంచేస్తే?" అన్నాను.

"హాల్లో లైట్ల వేడి ఎక్కువ. పాత గొట్టాలు. ఆయన లోపల ఉండి చూసుకోకపోతే పావుగంటలో అందరం ఉడికిపోతాం. మీరు పక్కన కూర్చోవాలి."

"కూర్చుని?"

"ఏదో ఒకటి చేయాలి."

డైరెక్టర్ గారికి ఆ అతిథుల ముందు పరువు పోకూడదని ఒకటే బెంగ. మనవాళ్ళు పాట మధ్యలో ఫోన్లు మాట్లాడతారని, పిల్లల్ని పిలుస్తారని ఆయన భయం. 'కార్యక్రమం ముగిసేవరకు సంపూర్ణ నిశ్శబ్దం పాటించండి' అని బోర్డులు రాయించి గోడగోడకీ తగిలించారు. మరుగుదొడ్లలో కూడా తగిలించారు. అక్కడ ఎలా పాటించాలో మాకు అర్థం కాలేదు.

అది చాలక ఆయనే స్వయంగా ప్లాంటు గదికి దిగారు. నేను టీ పట్టుకుని వెనకే వెళ్ళాను. ఆ హోరులో డైరెక్టర్ గారు చేతులు తిప్పుతూ చాలాసేపు ఉపన్యాసం ఇచ్చారు. పెద్ద పెద్ద దేశాల్లో శ్రోతలు ఎలా ఉంటారో, కళకి నిశ్శబ్దం ఎంత ముఖ్యమో, నోరు తెరిస్తే ఇక ఎప్పుడూ హాల్లో కాలు పెట్టనివ్వనని, అన్నీ చెప్పి, కాలరు సర్దుకుని, తలెత్తి బావ వంక చూశారు.

"ఆహా," అన్నాడు బావ, "ఎంత బాగా చెప్పారండీ."

డైరెక్టర్ గారు నా చేతిలో టీ లాక్కుని తాగేసి పైకి వెళ్ళిపోయారు.

ఆ రోజు నాకూ పరీక్షే. వచ్చినవాళ్ళకి వాళ్ళ పద్ధతిలో కాఫీ ఇవ్వాలన్నారు. పాలు లేవు, చక్కెర లేదు, యాలకులు మాత్రం వేయమన్నారు. ఏళ్ళ తరబడి ఆ దేశాల్లో ఆస్పత్రుల్లో పనిచేసి వచ్చిన నర్సమ్మ ఒకావిడ, అతిథుల మాటలు మాకు చెప్పడానికి వచ్చింది. ఆవిడే నా పక్కన నిలబడి కాఫీ నేర్పింది. పక్కన ఖర్జూరాలు పెట్టాలంది. ఖర్జూరాల పెట్టె చూడగానే నాకు బుర్ర వెలిగింది. నోరు ఖాళీగా ఉంటేనే కదా ఆహా వచ్చేది.

హాలు తలుపులు తెరిచే ముందు బావ మెట్లెక్కి వచ్చి నా బల్ల దగ్గర ఆగాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, జేబులో స్క్రూడ్రైవర్ మామూలే. ఆయన వస్తే ఎప్పుడూ జేబుల్లోంచి నట్లూ, బోల్టులూ, ఫ్యూజు ముక్కలూ నా బల్ల మీద దింపి పోతాడు. ఆ రోజు చిన్న నల్ల డబ్బా ఒకటి దింపాడు. నేను దాన్ని మిగతా బోల్టులతో కలిపి సొరుగులోకి తోసేసి, పళ్ళెం నిండా ఖర్జూరాలు పెట్టుకుని వెంట బయల్దేరాను.

"ఇవెందుకు మరదలా?" అన్నాడు.

"నీకే బావా. బలమట."

"ఆహా," అన్నాడు. సరే, తలుపు ఇంకా తెరవలేదు కదా అని ఊరుకున్నాను.

ముందు బొమ్మల గది. మామూలుగా అరబ్బు అంటే ఎడారీ ఒంటే అనుకుంటాం కదా. ఒంటె ఎక్కడా లేదు. ఒక అమ్మాయి వాళ్ళ పాత ఇళ్ళ చెక్క కిటికీల జాలీని కూల్‌డ్రింకు స్ట్రాలతో అల్లింది. గోడంత ఉంది. వెనకనుంచి దీపం పెడితే నేలంతా నీడల ముగ్గు. చూసినవాళ్ళు బోర్డులకి భయపడి తలలూపి పోతున్నారు. ఆ అమ్మాయి చేతులు కట్టుకుని ఒక్కొక్కళ్ళ వంకా చూస్తోంది. బావ ఎదురుగా ఆగాడు. నేను ఖర్జూరం తీసేలోగా అనేశాడు. ఆ పిల్ల ముఖం చేటంత అయింది. గది అవతలనుంచి డైరెక్టర్ గారు నన్ను చూసిన చూపుకి నా ముఖం చింతగింజంత అయింది.

అక్కణ్ణుంచి నేను ఏమరుపాటు లేకుండా పనిచేశాను. ఒక పెద్దాయన చీపురంత కుంచెతో తెల్లటి గుడ్డ మీద వాళ్ళ అక్షరం ఒక్కటే రాశాడు. మనిషి గుడ్డ చుట్టూ నాట్యం చేసినట్టు తిరిగి, చివర్లో కుంచె ఎత్తి తలెత్తాడు. బావ నోరు తెరిచాడు. ఖర్జూరం లోపలికి. ఒకావిడ తన పద్యం చదివింది. నర్సమ్మ అర్థం చెప్పింది. ఊరు వదిలి వచ్చేటప్పుడు ఇంటి తాళంచెవి తెచ్చుకున్నాను, ఇప్పుడు ఆ తలుపే లేదు అని. కాగితం మడిచి తలెత్తింది. ఖర్జూరం లోపలికి. బావ బుగ్గలు రెండూ ఉబ్బిపోయి, మింగేలోగా ఇంకోటి వస్తోంది.

ఒక సినిమా కూడా వేశారు. చిన్నదే. మనుషులు కనపడరు, సముద్రం ఒడ్డున ఒక టైలరు దుకాణం, ఆరేసిన బట్టలు, గాలి. వినడానికీ చూడటానికీ ఎంత బాగుందంటే బోర్డులు కూడా నిట్టూర్చేట్టున్నాయి. నేను ఖర్జూరం పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. బావ మాత్రం కిక్కురుమనలేదు. పైన గాలి గొట్టం వంక చూస్తూ కూర్చున్నాడు. ఇంత మంచి సినిమాకి అనడేంటి, పంక్చరుకి అంటాడు కదా అని ఆ ఖర్జూరం నేనే తినేశాను.

చివరగా పాటగాడు వచ్చాడు. ఆయన కోసమే సగం జనం వచ్చారు. భారీ మనిషి, గుబురు మీసం, కుర్చీ ఆయన కింద కనపడలేదు. చేతిలో ఊద్ అనే వాయిద్యం. గుమ్మడికాయని సగానికి కోసి తీగలు కట్టినట్టు పెద్ద పొట్ట, వెనక్కి విరిగిన మెడ. ఆయన తీగ మీద వేలు పెట్టగానే హాల్లో గాలి మారింది. గొంతు ఎత్తాడు. మాట అర్థం కాకపోయినా ఒళ్ళు జలదరించింది. ఒక వరస పాడి, కళ్ళు తెరిచి, మా వంక చూశాడు.

సంపూర్ణ నిశ్శబ్దం.

బావ నోట్లోకి నేను ఇంకో ఖర్జూరం తోశాను. పాటగాడు ఇంకో వరస పాడాడు. చూశాడు. పరీక్ష రాసేవాళ్ళలా అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగుసుకుని ఉన్నారు. దగ్గు వచ్చినవాళ్ళు కూడా మింగేస్తున్నారు. "చూశావా ఎంత క్రమశిక్షణో" అని డైరెక్టర్ గారు మేడమ్‌కి సైగ చేశారు. పాటగాడు మాత్రం వరసవరసకీ చిన్నవాడైపోతున్నాడు. వేసవిలో బుట్టలో మిగిలిపోయిన కొత్తిమీర కట్టలా భుజాలు వాలిపోయాయి. రెండో పాటని మధ్యలో తుంచేసి, నర్సమ్మని పిలిచి ఏదో అన్నాడు.

ఆవిడ మేడమ్ దగ్గరికి వచ్చింది. మా వెనక వరసే కాబట్టి నాకు వినపడింది.

"ఇంకొక్కటి పాడి లేచిపోతారట. ఇక్కడివాళ్ళకి ఆయన పాట నచ్చలేదట."

"నచ్చలేదని ఎవరన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు. అదే బాధట."

మేడమ్ ముఖంలో రంగు పోయింది. గంట పాడాల్సిన మనిషి పావుగంటలో లేచిపోతే మర్నాడు డైరెక్టర్ గారు ఏమంటారో మాకు తెలుసు. ఆవిడ ముందు వరస వైపు చూసింది. డైరెక్టర్ గారు పెదవి మీద వేలు పెట్టారు. ఆవిడ అలాగే కూర్చుండిపోయింది.

నేను పళ్ళెంలో చెయ్యి పెట్టాను. ఖాళీ. ఖర్జూరాలు అయిపోయాయి.

పక్కకి తిరిగేసరికి బావ కూడా లేడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని, వంగి వంగి, గోడ వారగా ముందుకి వెళ్తున్నాడు. పాటగాడికి ఎదురుగా, కొంచెం పక్కగా, గోడకి గాలి వచ్చే జాలీ ఉంది. దాని స్క్రూ బిగించేవాడిలా అక్కడ నిలబడ్డాడు. పాటగాడు ఆఖరి పాట మొదలెట్టాడు. గొంతులో ఇందాకటి ఊపు లేదు. ఒక వరస పాడాడు, అలవాటు కొద్దీ కళ్ళు తెరిచాడు, తలెత్తాడు.

"ఆహా," అన్నాడు బావ.

కంప్రెసర్ల మధ్య పెరిగిన గొంతు. హాల్లో ఆ మూల నుంచి ఈ మూలకి వెళ్ళొచ్చింది. డైరెక్టర్ గారు కుర్చీలోంచి సగం లేచారు. నేను కళ్ళు మూసుకున్నాను.

పాట ఆగిపోయింది. తెరిచి చూస్తే పాటగాడు బావ వంకే చూస్తున్నాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. ఆ తర్వాత అదే వరస మళ్ళీ అందుకున్నాడు, ఈసారి మెలిక తిప్పి, చివర ఎక్కడికో తీసుకెళ్ళి దింపి, నేరుగా బావ కళ్ళలోకి చూశాడు.

"ఆహా, ఆహా," అన్నాడు బావ, చెయ్యి పైకెత్తి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. "మళ్ళీ కానీ నాయనా."

నాయన మళ్ళీ కానిచ్చాడు. ఆ వరసని తిరగేసి బోర్లేసి ఎన్ని రకాలుగా పాడాడో చెప్పలేను. కొత్తిమీర కట్టకి నీళ్ళు చల్లినట్టు భుజాలు లేచాయి. బావ ఆహా అన్నప్పుడల్లా మనిషి కుర్చీలో ఒక బెత్తెడు పెరిగాడు. మూడో వరసలో ఒక రిటైర్డ్ మాస్టారు ఆగలేక "భేష్" అన్నారు. అన్నాక భయపడి బోర్డు వంక చూశారు. బోర్డు ఏమీ అనలేదు. ఇంకెవరో "అబ్బా" అన్నారు. స్ట్రాల అమ్మాయి వాళ్ళ భాషలో ఏదో కేకేసింది. తర్వాత ఇక ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు, ఖాళీ పళ్ళెం మీద తాళం వేస్తున్నానని ఎవరో చెబితే తెలిసింది.

గంట పాడాల్సిన మనిషి ఎంతసేపు పాడాడో, కాఫీ రెండుసార్లు కాచాను.

అయ్యాక నర్సమ్మ అందరి ముందూ విడమరిచి చెప్పింది. "వాళ్ళ వైపు పాటగాడు ఒక్కడే పాడడండీ. వినేవాళ్ళు వరసవరసకీ ఊ కొట్టాలి, మెచ్చుకోవాలి, మళ్ళీ పాడమనాలి. అప్పుడే ఆయనకి తర్వాతి వరస పుడుతుంది. నోరు మూసుకుని కూర్చున్నారంటే, ఇక చాలు లేవమన్నట్టే."

డైరెక్టర్ గారు గొంతు సవరించుకుని, "అందుకేగా ఆయన్ని ముందే అక్కడ నిలబెట్టాం" అన్నారు. మేడమ్ నవ్వు ఆపుకోవడానికి రెండు ఫోన్లూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. వచ్చే నెల తేదీ ఆ నిమిషంలోనే ఖాయం చేయించేసుకుంది.

జనం పలచబడ్డాక బావ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మరదలా, ఇందాక నా డబ్బా పెట్టాను. ఏదీ?"

"ఏ డబ్బా? ఆ ఫ్యూజులదా? బోల్టుల్లో కలిపేశాను."

సొరుగులోంచి తీసి ఇచ్చాను. మూత తెరిచాడు. లోపల ఫ్యూజులు లేవు. చెవి మిషన్లు ఉన్నాయి, రెండూ. ఒకటి ఈ చెవిలో, ఒకటి ఆ చెవిలో పెట్టుకుని, "ఆఁ, ఇప్పుడు చెప్పు" అన్నాడు.

నా చేతిలో కెటిల్ అలాగే ఉండిపోయింది.

"బావా, ఇవి లేకుండా నీకు ఎంత వినపడుతుంది?"

"నువ్వు ఎదురుగా ఉంటే మూతి చూసి చెప్పేస్తాను. పక్కకి తిరిగితే ఏమీ లేదు. ప్లాంటులో హోరుకి ఇవి గీ అంటాయి, తీసేస్తాను. మళ్ళీ పెట్టుకోవడం మర్చిపోయాను."

"మరి పాట?"

"ఏ పాట?"

"సాయంత్రమంతా ఆయన పాడిన పాట. ఒక్క ముక్క వినపడకుండా ఆహా అన్నావా?"

"పాటకి అనలేదే," అన్నాడు బావ, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు చూసి. "ఆయనకి అన్నాను."

నేను కెటిల్‌లో మిగిలిన కాఫీ ఆయన కప్పులో పోశాను. ఆయన కాఫీ ఊదుకుంటూ చెప్పుకుపోయాడు.

"ఎవరైనా ఒక పని చేసి తలెత్తుతారు చూడు. ఎలా ఉందని అడగలేరు, సిగ్గు. ఊరికే తలెత్తి ఒక ముఖం కోసం వెతుక్కుంటారు. నాకు చెవులు పోతున్న కొద్దీ అది బాగా కనపడటం మొదలెట్టింది. ఎవరో ఒకరు ఆ మాట అనేస్తే ఆ మనిషి హాయిగా తర్వాతి పని చూసుకుంటాడు కదా. ఎవరూ అనకపోతే నేనే అంటాను. నాదేం పోయింది?"

పంక్చర్ అతను గుర్తొచ్చాడు. సంతాపసభలో కళ్ళజోడు తుడుచుకున్న తమ్ముడు గుర్తొచ్చాడు. సినిమాకి ఎందుకు అనలేదో తెలిసింది, తలెత్తి చూడటానికి అందులో మనిషి లేడు మరి. ఆ తర్వాత మాడిన పాల వాసన గుర్తొచ్చింది.

"బావా, నా మొదటి రోజు టీ ఎలా ఉంది, నిజం చెప్పు."

"అబ్బో," అన్నాడు బావ, "అంత దరిద్రమైన టీ నేను ఈ జన్మలో తాగలేదు మరదలా."

ఇంటికెళ్ళి అక్కకి చెప్పాను. అక్క గరిటె పక్కన పెట్టింది. "అంటే ఆ ఒట్టి మూకుడు రోజు నేను అంత దిగాలుగా చూశానా?" అంది. తర్వాత ఆయన కంచంలో ఇంకొంచెం కూర వేసి, కావాలనే తలెత్తి చూసింది. బావ తప్పకుండా అన్నాడు. ఈసారి అక్క దెప్పలేదు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, ఆ తాగుడు పుకారు బావ దాకా వెళ్ళింది. ఎవరో వెళ్ళి ఎదురుగా నిలబడే చెప్పారు, చెవి మిషన్లు అక్కర్లేకుండా. "ఎందుకులే మరదలా, మీ అక్కకి తలవంపు" అని పైకి రావడం మానేశాడు. పోయిన నెల సాయంత్రం కార్యక్రమంలో ఎవరో అమ్మాయిలు బొమ్మలాట ఆడారు. బాగానే జరిగింది, చప్పట్లు కూడా పడ్డాయి. కానీ ఆట అయ్యాక ఆ పిల్లలు తలెత్తి, గోడ పక్క జాలీ దగ్గర ఎవరినో వెతుక్కున్నట్టు నాకు అనిపించింది. వాళ్ళకి ఆయన ఎవరో కూడా తెలియదు, నాకే అలా అనిపించి ఉంటుంది.

కాబట్టి మీలో ఎవరైనా మా మ్యూజియం వైపు వస్తే, బొమ్మలు చూడటం అయ్యాక మెట్లు దిగండి. ప్లాంటు గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. గొంతు చించుకోనక్కర్లేదు, మీ ముఖం కనపడేట్టు ఎదురుగా నిలబడి, ఎలా ఉన్నారండీ అని అడగండి. ఇన్నేళ్ళు అందరికీ అన్నాడు కానీ ఆయనకి ఎవరూ అనలేదు. చల్లగాలికి చప్పట్లు కొట్టేవాళ్ళు ఎక్కడుంటారు చెప్పండి. పైన గదులు హాయిగా ఉన్నాయని చెప్పి, ఆయన మిషన్ మీద చెయ్యి తీసి తలెత్తినప్పుడు ఒక్కసారి ఆహా అనండి.

ఏమన్నాడో పైకొచ్చి నాకు చెప్పి వెళ్ళండి. టీ పోస్తాను. పాలు దగ్గరుండి చూసుకుంటాను లెండి.